లాకు గది గడియారం

ఇది వంతెన కొట్టుకుపోయిన వరదకి మూడో ఏడు, వసంతంలో జరిగింది. కొండ లోయలో, ఊరికి పైన, కాలువ మొదట్లో ఉండే లాకు గదిలో ఇద్దరం కూర్చున్నాం. ఒకరు పట్నం నీటి ఆఫీసు నుంచి కంప్యూటర్ గడియారం సరిచూడ్డానికి వచ్చిన అమ్మాయి, బురుల్. రెండోవాణ్ణి నేను, లాకు కాసే కసిమాలిని. మాటల మధ్యలో నా కోడలు కూడా వచ్చింది.

"సీలు చూశారా బాబాయ్? ఎవరూ ముట్టుకోలేదుగా?"

"నువ్వేసింది. నువ్వే చూసుకో."

"చూశాను. మైనం మీద నా వేలి గుర్తు అలాగే ఉంది. కానీ మీ నోటితో ఒక మాట కావాలి. నేను వెళ్ళిన దగ్గర్నుంచీ ఈ గది తలుపు తెరవలేదని."

"తెరవలేదు."

"కంప్యూటర్ లాకు ఎత్తకుండా ఆపి వెళ్ళాను కదా, వారం రోజులూ ఎలా ఎత్తారు మరి?"

"బయట చక్రం ఉందిగా. తిప్పాను."

"ఒక్కరే? ఆ ఇనప చక్రాన్ని?"

"గాడిద సాయం పట్టింది."

"అమ్మో, మీరు జోకులు కూడా వేస్తారా!"

"జోకేం కాదు. చక్రానికి తాడు కట్టాను. అటు చివర గాడిదకి కట్టాను."

"సరే సరే. అదిగో, ఆ బల్ల కాస్త ఇటు జరపండి. ఈ డబ్బా కదలకూడదు. కింద ఊళ్ళో ఆకాశంలో ఉపగ్రహం నుంచి టైం పట్టుకుని, పాలకుండలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఈ లోయలో ఏ సిగ్నలూ రాదు కదా."

"ఫోనే మోగదు."

"ఫోను మోగే చోటైతే మీ గడియారానికి ఈ తిప్పలే ఉండేవి కావు. అది తనంతట తానే దిద్దుకునేది. ఇక్కడ దానికి దిక్కు లేదు. ఆగండి... ఇది కంప్యూటర్ చూపించే టైం... ఇది నా డబ్బాలో టైం... బాబాయ్."

"ఊఁ."

"వెనకబడింది."

"ఎంత?"

"నిమిషంన్నర పైనే. ఒక్క వారంలో! పోయిన వారం వచ్చినప్పుడూ వెనకే ఉంది, కానీ ఎవరో కదిపారంటారని నేను కచ్చితంగా దిద్ది, తలుపేసి, సీలేసి వెళ్ళాను. ఎవరూ ముట్టుకోలేదు. దానంతట అదే వెనకబడింది. మీకర్థమవుతోందా?"

"చెప్పు."

"మీరు నిద్రపోలేదు."

"నిద్రపోలేదని ముందే చెప్పాను."

"చెప్పారు. ఒక్కసారి చెప్పారు! ఊరంతా 'ముసలాడు పడుకున్నాడు, పడుకుని కొడుకుని చంపుకున్నాడు' అని పొద్దస్తమానం అంటుంటే, మీరు ఒక్కసారి చెప్పి ఊరుకున్నారు."

"ఒకసారి చెబితే చాలదా?"

"చాలదు బాబాయ్. మనుషుల దగ్గర చాలదు. సరే, ఇప్పుడు నేను కాయితం మీద రాసి ఇస్తాను. ఆఫీసు ముద్ర వేసి ఇస్తాను. రేపు మీ కోడలి అన్నలు వచ్చినప్పుడు వాళ్ళ మొహం మీద పెట్టండి."

"వాళ్ళు రేపు పొద్దున్నే వస్తారు."

"రానివ్వండి. ఏమన్నారు వాళ్ళు? అసలు మాట ఏమిటి?"

"మొగుణ్ణి చంపిన ఇంట్లో మా చెల్లిని ఉంచం అన్నారు."

"పిల్లాణ్ణి కూడా తీసుకెళ్తారా?"

"పాలు తాగే బిడ్డ. తల్లితోనే కదా."

"మరి మీరు? పిన్ని ఎప్పుడో పోయింది, ఇప్పుడు మీ కొడుకు ఉలార్ పోయాడు. ఇంట్లో ఒక్కరే అయిపోతారు."

"నా సంగతి అడక్కు. కాయితం రాయి."

"రాస్తాను. రాయాలంటే ఆ రోజు జరిగింది మీరు చెప్పాలి. మొత్తం. ఒక్కో మాట నేను లాగక్కర్లేకుండా."

"ఊరంతా కాలువ పూడిక తీస్తున్నారు. ఏటా తీసేదే."

"ఆఁ. పన్నెండింటికి నీళ్ళు."

"పన్నెండింటికి లాకు లేస్తుంది. తవ్వి వదిలేసిన ఒండ్రుమట్టి కొట్టుకుపోవాలి కదా. అందుకని పన్నెండు కాకముందే అందరూ గట్టెక్కి రొట్టెలు విప్పుకుంటారు."

"గంట కొట్టరా ముందు?"

"కొడతాను. ఆ రైలుపట్టా ముక్క అందుకే కట్టాం. నది హోరులో ఊరిదాకా ఎప్పుడూ వినపడలేదు. అందుకే టైం పెట్టుకున్నాం."

"తర్వాత?"

"వాళ్ళ చేతి గడియారాల్లో పన్నెండయింది. నీళ్ళు రాలేదు. కాసేపు చూశారు. ఇంకా రాలేదు. కంప్యూటర్ పాడయిందేమో, ఇవాళ నీళ్ళు లేవు అనుకున్నారు. నలుగురు నవ్వారట కూడా. ముసలాడు గురక పెడుతున్నాడని."

"అప్పుడు ఉలార్..."

"రోడ్డు కింద తూములో రాయి ఇరుక్కుంది. నీళ్ళు లేవు కదా, లాగేస్తానని దిగాడు. గునపం తీసుకుని. తూము ఇరుకు. అటు నుంచి నీళ్ళొస్తే వెనక్కి తిరిగే చోటు కూడా లేదు."

"కాస్త నీళ్ళు తాగండి బాబాయ్."

"అక్కర్లేదు. రాసుకో."

"అప్పుడు మీరు ఇక్కడేం చేస్తున్నారు?"

"ఇక్కడే, ఈ స్టూలు మీద. ఆ తెర చూస్తున్నాను. ఇంకా పన్నెండు కాలేదంటోంది. పన్నెండు చూపించింది. దానంతట అదే లాకు లేపింది. నేను చక్రం ముట్టుకోలేదు."

"ఊళ్ళో మాత్రం మీరే చేత్తో తిప్పారంటున్నారు. ఎందుకని?"

"అంతకు ముందు రెండు రోజులు సోలార్ పలక మీద మంచు పడింది. కరెంటు లేక చేత్తోనే తిప్పాను. ఆ రోజు కూడా నేనే తిప్పాననుకున్నారు. నిద్రపోయి, ఉలిక్కిపడి లేచి, గబగబా తిప్పేశానని."

"కంప్యూటర్ తప్పు చెయ్యదు, మనిషే చేస్తాడు. అంతేగా వాళ్ళ లెక్క?"

"నువ్వే చెప్పావు ఆ మాట."

"ఏ మాట?"

"ఇది పెట్టిన రోజున. 'బాబాయ్, ఇక మీ చేతి గడియారం పెట్టెలో పెట్టేయండి. అది అబద్ధం చెబుతుంది, ఇది చెప్పదు' అన్నావు. ఊరి పెద్ద ముందరే అన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు."

"...అన్నాను. అవును."

"పెట్టెలో పెట్టేశాను."

"ఆ రోజు మీ చేతికి గడియారం ఉండి ఉంటే..."

"లేదు కదా. రాయి."

"బాబాయ్, రాసే ముందు ఒకటి తేలాలి. ఇది తేలకపోతే మా ఆఫీసులో నన్ను ముందు తంతారు."

"ఏమిటది?"

"ఈ కంప్యూటర్ రాత్రిళ్ళు పడుకుంటుంది కదా, కరెంటు మిగలాలని. లేవగానే దానికి టైం తెలీదు. లోపల గోరంత గడియారం ఒకటుంది, బొత్తాం అంత బ్యాటరీ మీద నడిచేది. దాన్ని అడుగుతుంది. అది ఏం చెబితే అదే నమ్ముతుంది."

"అది తెలుసు. పెట్టినప్పుడు చెప్పావు."

"ఆ గోరంత గడియారానికి చలి పడదు. చలికి మందగిస్తుంది. ఇదే కాదు, అన్నీ అంతే. మందగించడం తప్పు కాదు బాబాయ్. రోజూ ఒకే లెక్కన మందగిస్తే చాలు. రోజుకి ఇంత వెనకబడుతున్నావు, లేవగానే ఇంత కలుపుకో అని కంప్యూటర్‌కి చెబుతాం. దాన్నే సవరింపు అంటాం. అప్పుడది సరైన టైమే చూపిస్తుంది."

"కుంటి గుర్రం లాగా."

"అదీ! కుంటిదైనా ఫరవాలేదు, ఎంత కుంటుతుందో తెలిస్తే ఆ మేరకు ముందే బయల్దేరతాం. ఆ కుంటు ఎంతో తెలియాలంటే దాన్ని వదిలెయ్యాలి. ముట్టుకోకూడదు. అందుకే ఆకురాలు కాలంలో కచ్చితంగా దిద్ది, ఒక చలికాలం పాటు ఎవరూ వేలు పెట్టొద్దని చెప్పి వెళ్ళాను."

"చెప్పావు."

"మంచు కరగడం మొదలయ్యాక వచ్చి చూశాను. గుర్తుందా? మీ కోడలికి నెలలు నిండి ఉన్నాయి. నాకు వేడి వేడి రొట్టె పెట్టింది."

"గుర్తుంది."

"అప్పుడు ఎంత వెనకబడింది? ఏమీ లేదు బాబాయ్! చలికాలమంతా ఈ మంచులో నడిచిన గడియారం, మూడు నాలుగు సెకన్లు. నా కళ్ళని నేనే నమ్మలేదు. ఆఫీసుకి వెళ్ళి గొప్పలు పోయాను. 'ఆ లోయలో ఉన్నది బంగారం, దానికి సవరింపే అక్కర్లేదు' అన్నాను. సవరింపు సున్నా పెట్టాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడు వారానికి నిమిషంన్నర. అప్పుడు బంగారం, ఇప్పుడు తుక్కు. ఇలా కాదు ఇది. గడియారానికి బుద్ధి మారదు. అది మొదట్నుంచీ ఇలాగే నడిచింది. చలికాలంలో దాన్ని ఎవరో దిద్దుతూ వచ్చారు."

"ఎవరు?"

"అదే నేను అడుగుతున్నాను. ఎవరో తప్పు కనిపించినప్పుడల్లా ముందుకి తోశారు. మంచి పనే అనుకుని ఉంటారు. దాంతో కుంటు నాకు కనపడకుండా పోయింది. నేను సున్నా పెట్టి వెళ్ళాను. నేను వెళ్ళాక ఆ తోసే చెయ్యి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తెలీదు. ఆగాక ఇది వెనకబడుతూ, వెనకబడుతూ, పూడిక నాటికి పది నిమిషాలు వెనక్కి పోయింది."

"పది నిమిషాలు."

"దాదాపు. లెక్క అలాగే వస్తోంది. ఊళ్ళో వాళ్ళు కూడా నీళ్ళు పది నిమిషాలు ఆలస్యమనే కదా అంటున్నారు?"

"అంతే అంటున్నారు."

"తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గర. ఇంట్లో మేకుకి తగిలిస్తాను."

"మీరు దిద్దారా?"

"నాకు అంకెలు చదవడం వచ్చు. ఆ మీటలు ముట్టుకోను."

"నిజంగా? ఒక్కసారి కూడా? ఫరవాలేదు చెప్పండి, మిమ్మల్ని జైల్లో పెట్టడానికి రాలేదు నేను."

"ముట్టుకోవద్దన్నావు. ముట్టుకోలేదు."

"ఉలార్?"

"వాడు చలికాలమంతా పట్నంలో ఇటుకలు మోశాడు. ప్రసవం ముందు రోజు వచ్చాడు."

"ఊరి పెద్ద? ఆయనకి ప్రతిదాంట్లోనూ వేలు పెట్టే జబ్బు ఉంది."

"ఆ పొట్టతో ఈ కొండ ఎక్కలేడు."

"అయితే ఎవరు బాబాయ్? మూడోవాడెవడో చెప్పండి. వాడి పేరు తెలిస్తే సగం పని అయిపోతుంది. వాణ్ణి తిట్టను కూడా తిట్టను. వాడు చెప్పిన మాట రాసుకుంటే చాలు, మీ నిద్ర సంగతి ఇంక ఎవరూ ఎత్తరు."

"ఎవరూ లేరు."

"ఆలోచించండి."

"తలుపు దగ్గర ఎవరో ఉన్నారు."

"నేనే మావయ్యా. లోపలికి రావచ్చా? ఉప్పు వేసిన పాల టీ తెచ్చాను. అక్కకి రొట్టె, కాస్త వెన్న కూడా."

"బిడ్డని తీసుకుని ఇంత దూరం ఎందుకెక్కావు సైరాగుల్?"

"వీపున కట్టుకుంటే వీడికే నిద్ర బాగా పడుతుంది మావయ్యా. ఎక్కే మనిషిని నేను, నిద్రపోయే మనిషి వీడు. చూడు అక్కా, నోరు తెరుచుకుని ఎలా పడుకున్నాడో! అచ్చం వాళ్ళ నాన్నే."

"దా, కూర్చో. ముద్దుగా ఉన్నాడు. ఆ ముక్కు మాత్రం తాతదే."

"అయ్యో, ఆ ముక్కుతో వీడికి పిల్లనెవరిస్తారక్కా? మావయ్యా, మీకు ఉప్పు తక్కువ వేశాను. డాక్టరు చెప్పాడు కదా... అక్కా, ఒక మాట అడగనా? తేలిందా?"

"ఏది?"

"తెలీనట్టు అడుగుతావేం! మావయ్య నిద్రపోలేదని తేలిందా? నేను మా అన్నలతో ఫోనులో కొట్లాడాను. మా మావయ్య పోయిన వరదలో మూడు రాత్రులు కన్ను మూయకుండా ఈ గట్టు మీద నిలబడ్డ మనిషి, మిట్టమధ్యాహ్నం ఎలా నిద్రపోతాడు అన్నాను. వాళ్ళు వినరు. నువ్వు ఏదో ఒకటి రాసిస్తే వింటారు. రాసిచ్చిన కాయితానికి మా పెద్దన్న భయపడతాడు."

"నీకు వెళ్ళాలని లేదా?"

"ఎక్కడికి వెళ్ళనక్కా? ఆయన సమాధి మీద మట్టింకా ఆరలేదు. ఈ ఇల్లు నాది. మా పుట్టింట్లో వదినలు ముగ్గురు, ఒక్క పొయ్యి. నేను వెళ్తే ఆ పొయ్యి దగ్గర కొట్లాడే నాలుగో పిల్లిని అవుతాను."

"తేలుతోందమ్మా. ఏదో కనపడుతోంది. గడియారంలో ఉంది తేడా."

"ఏ గడియారం?"

"ఇదే. ఈ కంప్యూటర్‌ది. వెనకబడుతోంది."

"ఇదా? ఇది ఎప్పుడూ వెనకబడేదేగా అక్కా!"

"...ఎప్పుడూ అంటే?"

"పెట్టిన నెల నుంచీ. వారం వారం నేనేగా సర్దేదాన్ని."

"నువ్వా?"

"ఏం, తప్పా? అలా చూస్తున్నావేం? శుక్రవారం శుక్రవారం మావయ్యకి అన్నం తెచ్చేదాన్ని కదా. వచ్చేముందు ఇంట్లో రేడియో గంట కొట్టినప్పుడు నా చేతి గడియారం సరిచేసుకుని వచ్చేదాన్ని. మొదటిసారి చూస్తే దీనికీ దానికీ పొత్తు లేదు. నిమిషం పైన తేడా."

"దిద్దడం ఎవరు నేర్పారు నీకు?"

"నువ్వే! ఇది పెట్టిన రోజున ఊరి పెద్దకి చూపించావు చూడు, బ్యాటరీ మారిస్తే టైం ఎలా పెట్టాలో. ఆయనకి ఎక్కలేదు. వెనకాల టీ పోస్తూ నిలబడ్డ నాకు ఎక్కింది. నేను పదో తరగతి అక్కా."

"మరి... మీ మావయ్యకి చెప్పలేదా?"

"ఎలా చెబుతాను? దీన్ని నమ్మి సొంత గడియారం పెట్టెలో దాచేశాడు పాపం. ఇది అబద్ధాల కోరని చెబితే మొహం చిన్నబుచ్చుకుంటాడు. మీరు ఏమీ అనుకోకండి మావయ్యా. మీరు గాడిదకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళినప్పుడు గబుక్కున నాలుగు మీటలు నొక్కేదాన్ని. అంతే. నిండు కడుపుతో కూడా ఎక్కి సర్దాను. నువ్వొచ్చి 'బంగారం, బంగారం' అని మెచ్చుకున్నప్పుడు నాకు ఎంత నవ్వొచ్చిందో తెలుసా!"

"సైరాగుల్..."

"ఏంటక్కా? టీ తాగడం లేదేం? ఉప్పెక్కువైందా?"

"లేదు. బాగుంది."

"ప్రసవమయ్యాకే కుదరలేదు. బిడ్డకి నలభై రోజులు నిండేదాకా మావయ్య గడప దాటనివ్వలేదు. దాటితే బిడ్డకి మంచిది కాదని. నేను గింజుకున్నాను, ఒక్క శుక్రవారం వెళ్ళొస్తాను మావయ్యా అని. ఊహూఁ. మీరే కదా మావయ్యా, తలుపుకి అడ్డంగా కూర్చున్నారు."

"కూర్చున్నాను."

"పూడిక రోజుకి నాకు ఇంకా నలభై నిండలేదు. ఆయన పొద్దున్నే రొట్టె మూట కట్టించుకుని వెళ్ళాడు... ఆగండి. నేను రాలేదు కదా. అన్ని వారాలు. మరి దీన్ని ఎవరు సర్దారు? అక్కా, అన్ని వారాలు ఎవరూ సర్దకపోతే ఇది ఎంత వెనక్కి..."

"నేను సర్దాను."

"మీరా మావయ్యా?"

"నేనే."

"మీకు మీటలు తెలీవుగా."

"నువ్వు నొక్కడం చూశాను. గాడిద దగ్గర్నుంచి కిటికీలో కనపడుతుంది."

"చూసి కూడా ఊరుకున్నారా? ఒక్క మాట అనలేదే!"

"నేనెప్పుడు మాట్లాడాను గనక."

"అమ్మయ్య! నా గుండె ఆగినంత పనయింది మావయ్యా. ఒక్క క్షణం నాకేమనిపించిందంటే... వద్దులెండి. వారం వారం సర్దారా?"

"వారం వారం."

"పూడికకి ముందు శుక్రవారం కూడా?"

"ఆ శుక్రవారం కూడా."

"రేడియో చూసి?"

"రేడియో చూసి."

"అయితే ఆ రోజు గడియారం సరిగ్గానే ఉంది."

"ఉంది."

"సరిగ్గానే ఉంటే... పన్నెండింటికి పన్నెండే కదా. మరి నీళ్ళెందుకు ఆలస్యంగా వచ్చాయి మావయ్యా?"

"బిడ్డకి చలేస్తుంది. ఇంటికెళ్ళు."

"వీడికి చలి లేదు. నేను అడిగిందానికి చెప్పండి. కరెంటు పోయిందా ఆ రోజు? చక్రం మీరే తిప్పారా?"

"ఇంటికెళ్ళమన్నాను."

"అక్కా, నువ్వైనా చెప్పు. గడియారం సరిగ్గా ఉంటే ఇంకేం కారణం ఉంటుంది?"

"సైరాగుల్, నేను... నేనింకా చూడాల్సింది ఉందమ్మా. నువ్వు..."

"నా మొహం చూసి చెప్పు."

"అమ్మాయ్ బురుల్, దాన్ని పంపించు."

"నన్ను ఎవరూ పంపించక్కర్లేదు. నేను మా అన్నలతో కొట్లాడాను. అందరి నోళ్ళూ మూయించాను. మా మావయ్య అలాంటి మనిషి కాదని చెప్పాను. మీరు ఒక్క మాట చెప్పండి చాలు, అది కాదని. నిద్రపోలేదని. మళ్ళీ ఒక్కసారి చెప్పండి."

"..."

"చెప్పరా? గిన్నెలు రేపు ఎవరిచేతనైనా పంపించండి. మేం వెళ్తున్నాం."

"సైరాగుల్! ఆగు! ...బాబాయ్, వెళ్ళిపోతోంది. పిలవండి."

"తలుపు వెయ్యి. గాలి వస్తోంది."

"ఏం చేశారు మీరు? ఏం చేశారో తెలుస్తోందా మీకు?"

"తెలుసు."

"మీరు సర్దలేదు. ఆ కిటికీలోంచి గాడిద తోక కూడా కనపడదు. అబద్ధం!"

"మెల్లిగా. దారిలోనే ఉంటుంది, వినపడుతుంది."

"వినపడనివ్వండి! వారం పాటు సీలేసి, కొండ ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, మీరు నిద్రపోలేదని తేల్చాను నేను. ఒక్క ముక్కలో మొత్తం గంగలో కలిపేశారు. గడియారం సరిగ్గా ఉందన్నారంటే నిద్రపోయానని ఒప్పుకున్నట్టే. ఇప్పుడా పిల్ల ఏమనుకుంటోంది?"

"ఏమనుకున్నా ఫరవాలేదు."

"నేను వెళ్ళి చెబుతాను. తప్పు ఎవరిదీ కాదు. తనది కాదు, మీది కాదు. ఎవరిదైనా ఉంటే నాది. దిద్దడం అందరి ముందూ చూపించింది నేను. మీటలకి తాళం పెట్టకుండా వెళ్ళింది నేను. సున్నా పెట్టింది నేను."

"ఎవరిదీ కాదని చెబితే తనదేనని వింటుంది. నువ్వైనా అంతే వినేదానివి."

"అయితే అంతా నాదేనని రాస్తాను. కొలవడంలో పొరపాటు చేశానని. సైరాగుల్ పేరు రాయను. ఇంకెవరి పేరూ రాయను."

"పొరపాటు ఎలా జరిగిందని అడగరా మీ ఆఫీసులో?"

"అడుగుతారు."

"ఇంకో మనిషిని పంపించరా?"

"...పంపిస్తారు. పై నుంచి ఒకణ్ణి."

"వాడు నీలాగే అడుగుతాడు. తాళం ఎవరి దగ్గర, మీటలు ఎవరికి తెలుసు అని. అది నీతో చెప్పినట్టే నవ్వుతూ చెబుతుంది. ఈసారి మధ్యలో నేను ఉండను."

"దేవుడా."

"నీ ఉద్యోగం కూడా ఉంచుకో. పిల్లలున్నారు నీకు."

"నా పిల్లల సంగతి నేను చూసుకుంటాను. మీ మనవడి సంగతి చెప్పండి. రేపు తీసుకుపోతారు. మళ్ళీ మీ గడప తొక్కనివ్వరు. వాడికి మాటలొచ్చాక మీ గురించి ఏం చెబుతారో ఆలోచించారా?"

"ఆలోచించాను."

"ఎప్పుడు? ఇందాక ఆ పిల్ల అడిగినప్పుడా? రెప్పపాటు కూడా పట్టలేదు మీకు."

"పాలిచ్చే మనిషి బురుల్ అది. రాత్రుళ్ళు లేచి పాలివ్వాలి. అది తలలో పెట్టుకుని ఎలా ఇస్తుంది?"

"ఏడవకండి బాబాయ్."

"ఏడవడం లేదు. కళ్ళలో పొగ."

"పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది."

"దీనికి ఆ సవరింపేదో పెట్టు. ఇంకెప్పుడూ వెనకబడకూడదు."

"పెడుతున్నాను... అయింది. ఇక దాని కుంటు దానికి తెలుసు. రోజూ లేవగానే కలుపుకుంటుంది. మీటలకి తాళం కూడా పెట్టాను. మీ చేతి గడియారం పెట్టెలోంచి తీయండి. రెండూ పక్కపక్కన పెట్టుకోండి. ఈసారి నా మాట కూడా నమ్మకండి."

"సరే."

"కాయితం మీద ఏం రాయమంటారు?"

"గడియారం బాగు చేశానని రాయి. అది నిజమేగా."

"అంతేనా?"

"అంతే."

"మరి రేపు పొద్దున ఆ అన్నలకి మీరేం చెబుతారు?"

"టీ చల్లారిపోయింది. పారబోసి వేరేది కాస్తానుండు."

"నేనడిగింది అది కాదు బాబాయ్."

"దిగేటప్పుడు ఎడమ పక్కన నడు. కుడి పక్క గట్టు ఇంకా తడిగా ఉంది."

మర్నాడు పొద్దున్నే సైరాగుల్ అన్నలు వచ్చారు. వాళ్ళు లారీ దిగకముందే నేను ఎదురెళ్ళి, ఆ రోజు నాకు నిద్ర పట్టేసిందని చెప్పి, పిల్లాడి ఉయ్యాల నా చేత్తోనే పైకెక్కించాను.